ఏగుసుక్కలో ‘వేగు’ ఏమిటి?

మా నాయనమ్మది పరకాల దగ్గర పల్లె. మేడారం జాతరకు బండి కట్టే రోజు "ఏగుసుక్క పొడిసింది, లేవుర్రి" అని ఇంటిల్లిపాదినీ లేపేది. ఆ మాటంటే నాకు ప్రాణం. అందులోని వేగు, వేగులవాడిలోని వేగు ఒకటేనా అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. ఇక్కడ వేగు అంటే తెల్లవారడం. వేగుజాములో ఉన్నదీ అదే. పొడవడం కూడా చూడండి: పొద్దు పొడుస్తుంది, చుక్క పొడుస్తుంది. ఉదయించింది అంటే ఆ చురుకు రాదు.

చుక్క అంటున్నాం గానీ అది నక్షత్రం కాదు, శుక్రగ్రహం. మన భూమిలాగే రాతి నేల. అడ్డుకొలత 12,104 కిలోమీటర్లు, భూమికన్నా కాస్తే చిన్నది. దాన్ని కప్పిన దట్టమైన మబ్బులు ఎండను తిప్పికొడతాయి, అందుకే అంత మెరుపు.

అది మనకన్నా సూర్యుడికి దగ్గరగా తిరుగుతుంది. మన కంటికి సూర్యుడి నుంచి 47 డిగ్రీలకు మించి దూరం జరగదు. కాబట్టి నడిరాత్రి నడినెత్తిన ఎప్పుడూ కనపడదు. సుమారు ఎనిమిది నెలలు వేకువన, మరో ఎనిమిది నెలలు సాయంత్రం పడమట ఉంటుంది. మధ్యలో సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. శుక్రమూఢం అంటే ఇదే! సూర్యుడికి అవతలి వైపు దాటేటప్పుడు నెలన్నరకు పైనే, ఇవతలి వైపైతే కొద్ది రోజులే. హన్మకొండలో ఫంక్షన్ హాళ్లు ఖాళీగా ఉంటే పైన ఆకాశంలో జరుగుతున్నది ఇదన్నమాట.

కామెంట్: నూనెలో వేగడం కూడా వేగే కదా అన్నా? మేం సకినాలు గోలిస్తాం అంటాం, పుస్తకాల్లో మాత్రం వేయించడం అని ఉంటుంది.

జవాబు: అవును తమ్ముడూ, ఆ అర్థమూ ఉంది, శుక్రుడికి అదీ సరిపోతుంది. అక్కడి గాలిలో 96 శాతం కార్బన్ డయాక్సైడే. వేడిని బయటికి పోనివ్వదు. నేల మీద 465 డిగ్రీలు, సీసం పెడితే కరిగి కారుతుంది. 1970లో దిగిన రష్యా నౌక వెనెరా-7 నేల మీద నుంచి 23 నిమిషాలే సంకేతాలు పంపగలిగింది.

ఇంకోటి. మనకు తెల్లవారబోతోందని చెప్పే ఆ చుక్క మీద ఒక తెల్లవారుకు మరో తెల్లవారుకు మధ్య మన లెక్కలో 117 రోజులు. పొద్దు పొడిచేది పడమట.

సాయంత్రం కనపడే ఇదే చుక్కను మా ఇంట్లో ఉత్త ‘సుక్క’ అనేవారు. ములుగు, జనగామ, కరీంనగర్ వైపు దానికి వేరే పేరు ఉందా? మీ ఇళ్లలో పెద్దవాళ్లను అడిగి చెప్పండి.