ముందుగా ప్రయోగించబోమన్నప్పుడు అణ్వస్త్రాలు దేనికి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
పెద్దలకు నమస్కారం. గ్రూప్ 1 మెయిన్స్‌కు చదువుతున్న అమ్మాయిని. 2003 జనవరి 4న కేంద్రం ప్రకటించిన అణు విధానం ప్రకారం మనం ముందుగా ప్రయోగించబోము. మరి ఆ విధానం లక్ష్యం ఏమిటి?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, విజయవాడ):
యుద్ధం గెలవడం కాదమ్మా, శత్రువు ఆ దుస్సాహసానికి దిగకుండా ఆపడం. తొలి దెబ్బ తిన్నాక కూడా తట్టుకోలేనంత నష్టం కలిగించగల బలం మనకు మిగులుతుందని ఎదుటివాడు నమ్మాలి. అణు క్షిపణులు మోసే మన అరిహంత్ వంటి జలాంతర్గామి సముద్రగర్భంలో కంటపడకుండా తిరుగుతుంది కనుక ఆ నమ్మకానికి అదే పట్టుగొమ్మ. ప్రయోగానికి అనుమతించే అధికారం ప్రధాని అధ్యక్షతన గల రాజకీయ మండలిదే, సైన్యానిది కాదు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

జవాబు (పటమట, విజయవాడ):
మాస్టారూ, ఒక మినహాయింపు కూడా చెప్పాలి. జీవ, రసాయన ఆయుధాలతో భారీ దాడి జరిగితే అణ్వస్త్రాలతో బదులిచ్చే అవకాశాన్ని భారత్ అట్టిపెట్టుకుంది. ఇది మనమిచ్చిన మాటను పలుచన చేస్తుందని నా ఆందోళన.