వియన్నా స్టేట్ ఒపేరా: టూర్ చాలా, నిలబడైనా ఆట చూడాలా?

ప్రయాణాల పిచ్చి:
జూన్‌లో వియన్నాలో రెండు రాత్రులు ఉంటాం. స్టేట్ ఒపేరాకి, అదే మాటలకి బదులు పాటలతో నడిచే నాటకాల హాలుకి, పగలు గైడెడ్ టూర్ చాలంటుంది మా ఆవిడ. నాకేమో నిలబడే టికెట్టు కొని ఒక అంకం చూసి వచ్చేద్దామని ఉంది. ఇద్దరికీ ఇటాలియన్ ముక్క రాదు. ఏమంటారు?

డాన్యూబ్ గట్టు:
ఈ ఊళ్ళోనే ఉంటాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తున్నా. ఒక అంకానికైతే రాకండి. కింది అంతస్తులో నిలబడే చోటు సరిగ్గా మధ్య బాక్సు (విడిగా కట్టిన సీట్ల గది) కిందే ఉంటుంది. దాని ముందు వరుసల్లో కూర్చోవాలంటే 200 యూరోలు దాటుతుంది. అక్కడ నిలబడాలని సంగీతం పిచ్చివాళ్ళు ఆరాటపడతారు. టూరిస్టులు ఆ చోటు పట్టి, నాలుగు ఫొటోలు తీసుకుని, మొదటి ఇంటర్వెల్‌కి మాయం. మంచి చోటు దొరకనివాళ్ళు పై గ్యాలరీలో మెడలు సాచుకుంటూ ఉంటారు.

బడ్జెట్ బాబు:
టికెట్టు కొన్నాక ఎంతసేపుండాలో కూడా మీరే చెప్తారా? మా ఊళ్ళో కృష్ణరాయబారం వేస్తే సగం జనం పడక సీను కోసమే వచ్చేవాళ్ళు. అది అవగానే చాపలు చుట్టుకుని ఇంటికి. వాళ్ళకి నాటకమంటే ప్రేమ లేదనగలరా?

రాళ్ళూ రప్పలూ:
నా ఓటు వాళ్ళావిడకే. అందరూ మర్చిపోయే సంగతి ఒకటుంది. 1945 మార్చి 12న బాంబులు పడి ప్రేక్షకుల హాలు, రంగస్థలం కాలిపోయాయి. ఇప్పుడు మీరు నిలబడేది 1955లో మళ్ళీ తెరిచిన హాల్లో. అసలు 1869 నాటివి ముందు భాగం, పెద్ద మెట్లదారి, ష్విండ్ అనే చిత్రకారుడి బొమ్మలున్న వరండా. రాత్రి ఆ మెట్ల మీద జనం తోపులాటలో తల పైకెత్తి చూడ్డం కూడా కుదరదు.

ఆ కట్టడం వెనక కథ ఇంకా బాధాకరం. పని మొదలయ్యాక ముందున్న వీధి మట్టం పెంచారు. దాంతో భవనం భూమిలోకి కూరుకుపోయిందని ఊరంతా వెక్కిరించింది. వాస్తుశిల్పుల్లో వాన్ డెర్ న్యుల్ 1868లో ఉరేసుకున్నాడు. కొన్ని వారాలకే రెండో ఆయన సికార్డ్స్‌బుర్గ్ కూడా పోయాడు. ప్రారంభోత్సవం ఇద్దరూ చూడలేదు.

డాన్యూబ్ గట్టు:
కథ నిజమే. కానీ ఒపేరా అంటే గోడలేనా అండీ? హాలు కొత్తదే, మరి అందులో 1958 నాటి ‘టోస్కా’ అనే ఇటాలియన్ ఒపేరా ప్రదర్శన అదే రూపంలో ఇప్పటికీ ఆడుతోంది, 600 సార్లు దాటింది. మైకు లేని గొంతు ఆర్కెస్ట్రాని దాటుకుని పై గ్యాలరీ దాకా వస్తుంది. ఆ వాయించేవాళ్ళలోంచే వియన్నా ఫిల్‌హార్మోనిక్ అనే పేరుమోసిన వాద్యబృందం సభ్యుల్ని తీసుకుంటారు. టూర్లో ఇది ఎవరు వినిపిస్తారు? భాష గురించి దిగులొద్దు, నిలబడే చోట ముందున్న కమ్మీకి బిగించిన చిన్న తెర మీద ఇంగ్లీషులో మాటలు వస్తాయి.

రాళ్ళూ రప్పలూ:
వినడమే ముఖ్యమైతే జూన్‌లో కొన్ని రాత్రులు పక్క వీధి చౌకులో పెద్ద తెర మీద ప్రత్యక్షంగా వేస్తారు, ఉచితం. పగలు టూర్, రాత్రి అది. కాళ్ళూ నొప్పి పుట్టవు.

డాన్యూబ్ గట్టు:
స్పీకర్లోంచి వచ్చేదానికి అంత దూరం ఎందుకు, ఇంట్లో టీవీ ఉందిగా! ఇంకో మాట. గుమ్మం ముందు మొజార్ట్ విగ్గులు పెట్టుకుని టికెట్లమ్మేవాళ్ళు వేరే కచేరీలకి అమ్ముతారు. మా బావగారు కొనేసి, స్టేట్ ఒపేరా అనుకుని ఎక్కడో చిన్న హాల్లో కూర్చొచ్చారు.

బడ్జెట్ బాబు:
నిలబడే చోట కమ్మీకి స్కార్ఫ్ కడితే ఆ చోటు మనదేనని విన్నాను. మరి ఇంటర్వెల్‌కి వెళ్ళిపోయేవాడు స్కార్ఫ్ విప్పి, వెనక అవస్థ పడేవాడిని ముందుకి పిలిస్తే మీ గొడవ తీరుతుందిగా?

డాన్యూబ్ గట్టు:
అలా చేస్తే నాకేం అభ్యంతరం లేదు. చేసేవాళ్ళని నేనైతే చూడలేదు, స్కార్ఫ్ అలాగే వేలాడుతుంటే ఎవరూ ముట్టుకోరు. వెళ్ళేది కూడా ఇంటర్వెల్‌లోనే, పాట మధ్యలో కాదు.

ప్రయాణాల పిచ్చి:
మా ఆవిడకి చదివి వినిపించాను. పగలు టూర్, రాత్రి ‘టోస్కా’ ఉంటే పూర్తిగా నిలబడతానంది. వాగ్నర్ రాసిన పొడవాటి ఒపేరా ఉంటే?

డాన్యూబ్ గట్టు:
ఇంటర్వెల్స్‌తో కలిపి కొన్నిసార్లు ఐదు గంటలు దాటుతుంది. అప్పుడు చౌకులోకే వెళ్ళండి.