ఇంక్యుబేటర్‌ల కోడిపిల్లలు దిగుతున్నయి, బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగ ఉంచే జాగ) ఎట్ల చేయాలె?

కల్వకుర్తి పోరడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది కల్వకుర్తి దగ్గర పల్లె. చిన్న ఇంక్యుబేటర్ కొని నాటుకోడి గుడ్లు పెట్టిన, ఈ ఆదివారానికి 21 రోజులు నిండుతయి, లైటు పెట్టి చూస్తే 40 దాక మంచిగనే ఉన్నట్టు కొడుతున్నది. ఇగ దిగినంక ఏడ పెట్టాలె అన్నదే టెన్షన్. ఇంటెనక రేకుల రూం ఉన్నది, టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె ఉన్నది, అండ్ల బల్బు ఏలాడదీస్తే అయిపోతదా? మా దగ్గర ఏ షాపుల అడిగినా ఎల్‌ఈడీ బల్బులే ఇస్తున్నరు, అవి నడుస్తయా? రాత్రి చలి మస్తుంటది, నడుమల కరెంటు పోతే సంగతేంది? యూట్యూబ్‌ల ఒక్కొక్కలు ఒక్కో తీరు చెప్తున్నరు, తల తిరుగుతున్నది.

నకిరేకల్ కోళ్లన్న:
తమ్మీ, ఎల్‌ఈడీ వెలుగిస్తది గానీ పిల్లలకు సరిపోయే వేడి ఇయ్యదు, దాన్ని ఇడిసిపెట్టు. పాత ఫిలమెంట్ బల్బు కావాలె, పసుపుగ వెలిగి చేయి పెడితే కాలేది. టౌన్‌ల పాత ఎలక్ట్రికల్ షాపులల్ల అడుగు. పిల్లకు రెండు వాట్ల లెక్కేసుకుంటే నీకు 80 వాట్లు అయితది, కానీ ఒక్క వంద వాట్ల బల్బు పెట్టే బదులు 60 వాట్లవి రెండు పెట్టు, నడిరాత్రి ఒకటి మాడిపోయినా ఇంకోటి ఉంటది. కింద నుంచి అడుగున్నర ఎత్తుల ఏలాడదీసి పైన పాత అల్యూమినియం బేసిన్ బోర్లిస్తే వేడి మీదికి పోకుంట కిందికే దిగుతది. కరెంటు వైరు మీదనే ఏలాడదీయకు, ఇనుప తీగతోని గట్టిగ కట్టు, జారి ఊకల పడ్డదంటే పిల్లలే కాదు రూం గూడ మిగలదు.

ఇగ అట్టపెట్టె సంగతి. దానికి మూలలుంటయి గద, అదే పరేషాన్. చలి పెట్టంగనే పిల్లలన్నీ ఒక మూలకు పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కుతయి, అడుగున పడ్డయి ఊపిరాడక తెల్లారేసరికి సచ్చి ఉంటయి. అందుకే పెట్టెను కోసి ఆ అట్టనే గుండ్రంగ తిప్పి క్లిప్పులు పెట్టు, ఎత్తు అడుగున్నర, అడ్డం ఐదడుగులు. షెడ్లల్ల చిక్ గార్డ్ అంటరు దాన్ని. పిల్లకు అర చదరపు అడుగు లెక్కన నీ 40 పిల్లలకు మొదట్ల అంత జాగ చాలు, పెరిగినకొద్ది వెడల్పు చేసుకుంట పో. పైన జాలి కప్పు, పిల్లి, పాము, పందికొక్కు మూడూ వస్తయి.

వేడి మొదటి వారం పిల్ల వీపు ఎత్తుల 95 ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీలు. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ తగ్గించు, అంటే బల్బును కొంచెం కొంచెం మీదికి లేపుడే. ఈ చలిల నాలుగు వారాలు పడతది, అదే ఎండకాలమైతే పగటిపూట బల్బే అక్కర్లేదు. థర్మామీటర్ పెట్టుకో గానీ దానికంటే పిల్లల్ని చూసుడు ముఖ్యం. బల్బు కింద కుప్పవడి కీచుకీచుమంటే చలి. బల్బుకు దూరంగ పోయి రెక్కలు జారేసి నోరు తెరిస్తే వేడెక్కువైంది. అంతటా పరుచుకుని కొన్ని తినుకుంట కొన్ని పండుకుంటే సరిగ్గున్నట్టు.

మిర్యాలగూడ రైతు:
మా దిక్కు రైస్ మిల్లులకు కొదవలేదు, ఊక ఎంతంటే అంత. రెండు అంగుళాల మందం పొయ్యి, కానీ మొదటి మూడు నాలుగు రోజులు దాని మీద గోనె పట్టా పరువు, లేకుంటే మేత అనుకొని ఊకనే మింగుతయి. చానమంది న్యూస్ పేపర్ ఏస్తరు, ఉత్త పేపర్ మీద కాళ్లు జారి రెండు దిక్కులకు చీలిపోతయి, అసొంటి పిల్ల మళ్ల లేసుడు కష్టం. నీళ్ల డబ్బా చుట్టు తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసెయ్యి, తడి ఉంటే రక్త విరేచనాలు పట్టుకుంటయి.

కరెంటు పోతే కుంపటి పెట్టమంటరు కొందరు. మూసిన రూంల బొగ్గుల కుంపటి అస్సలు వద్దు, పొగ కనపడకున్నా కార్బన్ మోనాక్సైడ్ ఊరుకోదు. వేడినీళ్లు బాటిళ్లల్ల పోసి బట్ట చుట్టి నడుమల పెట్టు, పిల్లలే వచ్చి ఆనుకుంటయి. సల్లారినంక మార్చాలె, ఆ రాత్రికి నిద్ర ఉండదనుకో.

పాలమూరు పాతకాపు:
ఇంత లొల్లి ఎందుకయ్యా, మా అమ్మ కాలంల బల్బులున్నయా థర్మామీటర్లున్నయా? పొదుగు మీదున్న కోడి ఇంట్ల ఉంటే చీకటైనంక పిల్లల్ని మెల్లగ దాని కిందికి జరుపు, తెల్లారి తనయే అనుకుంటది.

నాగర్‌కర్నూల్ అక్క:
అన్నా నువ్వు చెప్పేది నిజమే, కానీ ఒక్క కోడి కింద పది పన్నెండు పిల్లలు పడతయి, 40 ఏడ పడతయి? అది గూడ దిగిన ఒకటి రెండు రోజుల పిల్లలనే కలుపుకుంటది, ఎక్కువ రోజులైనయంటే పొడుస్తది.

తమ్మీ, పిల్ల గుడ్డుల నుంచి రాంగనే తీయకు, బొచ్చు ఆరి పొంగినంక తియ్యి. కడుపుల పచ్చసొన మిగిలుంటది కాబట్టి ఒక రోజు మేత లేకున్నా ఏం కాదు. బ్రూడర్ బల్బు ముందు రోజే ఏసి ఊక వేడెక్కనియ్యి. ఫస్టు నీళ్లు, తర్వాతనే మేత. గోరువెచ్చని నీళ్లల్ల కొంచెం బెల్లం కలిపి ఒక్కో పిల్ల ముక్కు ముంచి వదులు, నేర్చుకుంటది. లోతు గిన్నె అయితే మునిగి చస్తయి, పళ్లెంల గులకరాళ్లు ఏసి పెట్టు. మొదటి రోజు సన్న నూకలు చల్లు, తర్వాత చిక్ స్టార్టర్ దాణా. ఉత్త నూకల మీద పెంచుతమంటే ప్రోటీన్ సాలక రెక్కలు సరిగ రావు. కొన్నిటికి ముడ్డికి రెట్ట ఎండి అతుక్కుంటది, గుంజకు, గోరువెచ్చని నీళ్లల్ల దూది ముంచి నానబెట్టి తుడువు.

కల్వకుర్తి పోరడు:
అందరికి థాంక్స్. పిల్లలు దిగినయి, 36 ఉన్నయి. మీరు చెప్పినట్టే గుండ్రంగ చేసిన. కానీ రాత్రి నుంచి అన్ని ఒక్క దిక్కే పోయి ఒత్తుకుంటున్నయి, బల్బు కిందికి గూడ వస్తలేవు, దూరంగ గూడ పోతలేవు. థర్మామీటర్ 94 చూపిస్తున్నది మరి.

నకిరేకల్ కోళ్లన్న:
అవి ఏ దిక్కు పోతున్నయో దానికి ఎదురుదిక్కు నుంచి గాలి కొడుతున్నది. కింద కూసుండి పిల్లల ఎత్తుల చేయి పెట్టి చూడు, నిలవడితే తెల్వదు.

కల్వకుర్తి పోరడు:
నిజమే అన్నా, తలుపు కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఉంది. సంచి కుక్కిన, గంటల అంతటా పరుచుకున్నయి. ఇగ టీకాలు ఎప్పుడు ఏయాలె?

నాగర్‌కర్నూల్ అక్క:
ఐదు నుంచి ఏడు రోజుల నడుమ లసోటా టీకా, కంట్లనో ముక్కులనో ఒక్క చుక్క, కొక్కెర తెగులుకు. రెండు వారాలకు గంబోరో రోగం టీకా. బూస్టర్ (మళ్ల ఏసే డోసు) సంగతి పశువుల దవాఖానల అడుగు, మసూచి టీకా పెద్దగైనంక. టీకా సీసా తెచ్చేటప్పుడు ఐసు పెట్టిన ఫ్లాస్కుల తేవాలె, కలిపినంక రెండు గంటలల్ల అయిపోవాలె, మిగిలింది దాచిపెడితే పనిచెయ్యదు. సీసాల నీ పిల్లలకు కావల్సిన దానికంటే చాన ఎక్కువ డోసులుంటయి, అందుకని మీ ఊర్ల కోళ్లున్నోళ్లకు ముందురోజే చెప్పి అందరియి ఒక్కనాడే ఏపిచ్చుర్రి.