ఫ్రెంచ్ రాజు మీద ముందు తిరగబడింది ఎవరు?

సివిల్స్‌బాట: నా నోట్స్ నిండా రొట్టె ధరలు, రాణి ఖర్చులే. ఆకలి అంతకుముందూ ఉంది కదా, మరి ఫ్రెంచ్ విప్లవం 1789లోనే ఎందుకు? రాజకీయ కారణాలు మీరెలా చదివారో, ఎలా చెప్తారో రాయండి.

కాకినాడ మాస్టారు: నేను క్లాసులో 1786 నుంచి మొదలుపెడతానమ్మా. యుద్ధాల కోసం చేసిన అప్పులు పెరిగి, 1788 నాటికి ఖర్చులో సుమారు సగం వాటి చెల్లింపులకే పోయేది. ప్రభువులైనా, చర్చి అయినా భూమి ఉంటే పన్ను కట్టాల్సిందేనని ఆర్థికమంత్రి కలోన్ ప్రతిపాదించాడు. 1787 ఫిబ్రవరిలో వెర్సైల్స్‌లో ప్రముఖుల సభ పెడితే, ఆ అధికారం మాకు లేదని వాళ్లు తప్పించుకున్నారు. ఏప్రిల్‌లో కలోన్ పదవి పోయింది. తర్వాత వచ్చిన బ్రియెన్‌కు పారిస్ పార్లమెంట్ అడ్డం తిరిగింది. అది ఎన్నికైన సభ కాదు, ప్రభువులే జడ్జీలుగా ఉండే పెద్ద న్యాయస్థానం. రాజు శాసనాలు అక్కడ నమోదు కావాలి. కొత్త పన్నుకు ఎస్టేట్స్ జనరల్, అంటే మతాధికారులు, ప్రభువులు, సామాన్యులు (మూడో వర్గం) అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ మాత్రమే ఒప్పుకోగలదని భీష్మించింది. ఆ సభ 1614 తర్వాత కూర్చున్నదే లేదు! ఇక్కడికొచ్చేసరికి వెనక బెంచీలు కూడా వింటాయి.

గ్రెనోబుల్‌వాసి: ఫ్రాన్స్‌లోని మా గ్రెనోబుల్ సంగతి చెప్తాను. 1788 మేలో మా ఊళ్లోనూ ఉన్న ఇలాంటి కోర్టుల అధికారాలు రాజు లాగేసుకున్నాడు. జూన్ 7న ఇక్కడి జనం తమ న్యాయమూర్తులను ఊరు దాటనివ్వలేదు, కప్పులెక్కి సైనికుల మీద పెంకులు విసిరారు. జూలైలో పక్కనే విజీల్ కోటలో మూడు వర్గాలవాళ్లూ కలిసి ఎస్టేట్స్ జనరల్ పిలవమన్నారు. ఇప్పుడా కోటలో విప్లవ మ్యూజియం ఉంది. ఇటొస్తే చూడండి, పారిస్‌లో బాస్టిల్ కోట ఎలాగూ మిగల్లేదు.

సూటిప్రశ్న: అంటే ప్రభువులే విప్లవం తెచ్చారా? నాకు మింగుడు పడట్లేదు. పన్ను మినహాయింపులు కాపాడుకోవడానికే కదా ఆ గొడవంతా?

కాకినాడ మాస్టారు: స్వార్థం ఉంది నాయనా, కాదనను. అయినా జనం కొన్నాళ్లు వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు. ఆగస్టులో ఖజానా చెల్లింపులు ఆగిపోయాయి, రాజు దిగొచ్చి సభకు ఒప్పుకున్నాడు. సెప్టెంబరులో అదే పార్లమెంట్, సభ 1614 పద్ధతిలోనే జరగాలంది. అంటే వర్గానికో ఓటు, మూడో వర్గం ఎప్పుడూ ఒకటికి రెండుతో ఓడాల్సిందే. అప్పటిదాకా జేజేలు కొట్టినవాళ్లే తిట్టడం మొదలెట్టారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే.

సివిల్స్‌బాట: డిసెంబరులో అప్పటి ఆర్థికమంత్రి నెక్కర్ మూడో వర్గం సీట్లు రెట్టింపు చేయించాడుగా మాస్టారూ?

కాకినాడ మాస్టారు: చేయించాడు. ఓటు తలకా, వర్గానికా అన్నది మాత్రం తేల్చలేదు. 1789 మే 5న మొదలైన సభకు ఆరు వారాలు ఆ తగువుతోనే సరిపోయింది. జూన్ 17న మూడో వర్గం తనను తాను జాతీయ సభగా ప్రకటించుకుంది. పాత పన్నులు చెల్లవనీ, తాము కొలువై ఉన్నంతకాలం మాత్రం వసూలు చేసుకోవచ్చనీ ఆ రోజే తీర్మానించింది. ఆన్సర్‌లో ఈ తీర్మానం తప్పకుండా రాయండి, చాలామంది వదిలేస్తారు.