కమొడోర్ 64 కోసం చిన్న కామెడీ టెక్స్ట్ అడ్వెంచర్ రాస్తున్నా, సగంలో నవ్వు ఆగిపోతోంది

మిణుగురు64:
అందరికీ నమస్తే. రెండు నెలలుగా కమొడోర్ 64 అనే 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కోసం ఒక చిన్న టెక్స్ట్ అడ్వెంచర్ రాస్తున్నాను, అంటే కమాండ్లు టైప్ చేస్తూ ఆడే కథ ఆట. కథ ఇంతే: మాంత్రికుడి శిష్యుడు మంత్రం తప్పు చదివితే గురువుగారి గడ్డం మాయమైపోతుంది, తెల్లారి ఆయన లేచేలోపు అదెక్కడుందో వెతికి తెచ్చి అతికించాలి. తొమ్మిది గదులు, అరగంటలో అయిపోవాలి. ప్యూనీఇన్‌ఫామ్‌లో (ఇలాంటి ఆటలు రాయడానికి వాడే కోడ్ లైబ్రరీ) రాసి, ఓజ్‌మూతో (ఆ ఆటల్ని కమొడోర్‌లో నడిపించే ప్రోగ్రాం) డిస్క్ ఇమేజ్, అంటే ఫ్లాపీ మొత్తానికి ఒక ఫైల్, చేస్తున్నా. ఏ దేశంవాళ్లైనా ఆడతారని వాక్యాలన్నీ ఇంగ్లీషులోనే పెట్టాను.

ముగ్గురు ఫ్రెండ్స్‌తో ఆడించా. మొదటి మూడు గదుల్లో బాగా నవ్వారు, తర్వాత చప్పబడిపోయింది. గదుల వర్ణన మీద చాలా కష్టపడ్డాను, ఒక్కోటి పది లైన్లుంటుంది, కానీ వంటగదికి నాలుగోసారి వచ్చినప్పుడు కూడా అదే జోకు కనిపిస్తే ఎవరికి నవ్వొస్తుంది చెప్పండి. కొత్త జోకులు రాద్దామంటే సైజు పెరుగుతుందని టెన్షన్.

ఇంకోటి, ఇది అసలు అర్థం కావట్లేదు. గుహలో "టేక్ డ్రాగన్‌ఫ్లై" అని కొడితే తూనీగ బదులు డ్రాగన్‌ని పట్టుకోబోయి శిష్యుడు చచ్చిపోతున్నాడు. తూనీగ ఆ గదిలో లేనే లేదు!

ఫ్లాపీపెట్టె:
గడ్డం కథ చాలా నచ్చిందండీ. వర్ణనల్ని రెండేసి లైన్లకి కోసేయండి, మనసు చివుక్కుమన్నా సరే. ఆ మిగిలిన చోటంతా పనికిరాని కమాండ్లకి వచ్చే జవాబుల మీద పెట్టండి. వర్ణన చదివేటప్పుడు ఆటగాడు ఊరికే వింటుంటాడు. అదే "గడ్డం తిను" అని కొట్టాడనుకోండి, అల్లరి మొదలుపెట్టింది అతను, దానికి మీరు ముందే ఒక జవాబు రాసి పెట్టారని కనిపించగానే నవ్వాగదు.

ఈ రకం ఆటలకి మూలమైన గుహ ఆట ఉంది కదా, విల్ క్రౌథర్ మొదలుపెట్టినదాన్ని 1977లో డాన్ వుడ్స్ పెంచాడు. అందులో పర్షియన్ తివాచీ మీద ఒక డ్రాగన్ పడుకుని ఉంటుంది. చంపమని కొడితే, దేనితో, వట్టి చేతులతోనా అని ఆట వెక్కిరిస్తుంది. దానికి అవును అని టైప్ చేస్తే డ్రాగన్ నిజంగానే చచ్చిపోతుంది! కత్తి కోసం గుహంతా తిరిగి వచ్చినవాడికి అది ఎలా ఉంటుందో ఊహించండి. నేను ఇరవై ఏళ్ల కిందట ఆడాను, ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది.

చోటు లేదనకండి. స్కాట్ ఆడమ్స్ 1978లో "అడ్వెంచర్‌ల్యాండ్"ని 16 కేబీ మెమరీ ఉన్న టీఆర్‌ఎస్-80 అనే ఇంటి కంప్యూటర్‌లో ఇరికించాడు, అది రెండు మాటల కమాండ్లే అర్థం చేసుకుంటుంది. అందులో అంచు మీద నిలబడ్డ ఎలుగుబంటిని ఏం చేయాలో తెలియక విసిగిపోయి గట్టిగా అరిస్తే, అది అదిరిపడి కిందికి పడిపోతుంది. ఆటగాడి విసుగునే పరిష్కారం చేశాడాయన.

ఒక పని చేయండి. మీ ఫ్రెండ్స్‌తో ఈసారి పీసీ మీద ఫ్రాట్జ్‌లో (ఇలాంటి ఆటల్ని నడిపించే ప్రోగ్రాం) ఆడించి ట్రాన్‌స్క్రిప్ట్, అంటే వాళ్లు కొట్టిందీ ఆట చెప్పిందీ మొత్తం రికార్డు, తీసుకోండి. కుదరదు అని ఆట చెప్పిన ప్రతి చోటా ఒక జోకుకి స్థలం ఉంది.

జడ్‌కోడ్_గోదావరి:
తూనీగ సంగతి నేను చెప్తా బ్రో. నువ్వు ఆటని జడ్-మెషిన్ (ఈ ఆటలు నడిచే ఊహా కంప్యూటర్) వెర్షన్ 3కి కంపైల్ చేస్తున్నట్టున్నావ్. అందులో డిక్షనరీ ప్రతి మాటలో మొదటి ఆరు అక్షరాలే గుర్తుపెట్టుకుంటుంది, డ్రాగన్ స్పెల్లింగ్ సరిగ్గా ఆరు, కాబట్టి దానికి డ్రాగన్, డ్రాగన్‌ఫ్లై రెండూ ఒకటే. వెర్షన్ 5కి మారితే తొమ్మిది దొరుకుతాయి, కానీ చిన్న ఆటకి అదెందుకు, తూనీగని తీసేసి మిడతని పెట్టెయ్.

సైజుకి భయపడకు. జడ్-మెషిన్ మూడు చిన్న అక్షరాల్ని రెండు బైట్లలో సర్దుతుంది. పెద్దక్షరాలు, అంకెలు, కామాలు ఎక్కువ తింటాయి. మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలకి 96 అబ్రివియేషన్లు, అంటే పొట్టి గుర్తులు, పెట్టుకోవచ్చు, ఏవి పెట్టాలో కంపైలరే వెతికిపెడుతుంది.

నాకు ఎక్కువ భయం టైమింగ్ గురించి. ఓజ్‌మూ మామూలుగా మెమరీలో పట్టని భాగాన్ని డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది, కమొడోర్ అసలు ఫ్లాపీ డ్రైవ్ 1541 సెకనుకి సుమారు 400 బైట్లే చదువుతుంది. జోకు చివరి ముక్క ముందు డ్రైవ్ గరగరమంటే పాపం ఆ జోకు పోయినట్టే. నీ ఆట చిన్నది కాబట్టి డిస్క్‌తో పనిలేకుండా మొత్తం ఒకే ప్రోగ్రాం ఫైల్‌గా బిల్డ్ చెయ్యి. ముద్దు, పాట, నిద్ర లాంటి క్రియలు ప్యూనీఇన్‌ఫామ్‌లో అదనపు సెట్‌లో ఉంటాయి, అది ఆన్ చేయడం మర్చిపోకు, కామెడీ అంతా వాటిలోనే ఉంది.

పాతబడి:
1980లలో క్లాస్ (CLASS) అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద మా బడికి బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి, 32 కేబీ మెమరీవి. వారానికి ఒక్క పీరియడ్, కీబోర్డుకి నలుగురం. ఇలాంటి ఆట ఒకటి బేసిక్‌లో రాద్దామని తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి చూశాను. మనకి క్రియ చివర్లో వస్తుంది కదా, "తాళంతో తలుపు తెరువు" అంటే మొదటి మాటలో క్రియని వెతికే పద్ధతి పనిచేయదు. వాక్యాన్ని వెనక నుంచి చదివించాను, భలే కుదిరింది. మీ ఆట పూర్తయ్యాక తెలుగు వెర్షన్ చేద్దామంటే నేను వస్తాను.

మిణుగురు64:
అందరికీ చాలా థ్యాంక్స్. మిడతని పెట్టేశాను, గుహలో చావు ఆగింది. ట్రాన్‌స్క్రిప్టులు కూడా తీశాను. ముగ్గురిలో ఇద్దరు నిద్రపోతున్న గురువుగారి దగ్గరికెళ్లి పాట పాడమన్నారు, నా ఆట ఆ మాటే అర్థం కాలేదంది! ఒకమ్మాయి మేకని తెచ్చి దాని గడ్డం కోసి అతికించబోయింది. అది నాకు తట్టనే లేదు. పాతబడి గారూ, తెలుగు వెర్షన్‌కి తప్పకుండా పిలుస్తాను, ముందు ఈ రాత్రికి మేక గడ్డం రాసేయాలి.