బస్సు ప్రయాణం, నీళ్లు లేని మరుగుదొడ్డి: నెలసరికి ఏది వాడితే సౌకర్యం?

ప్రశ్న: పర్లాకిమిడి టీచర్

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. రామగిరి ఉదయగిరి వైపు కొండల్లో ఉన్న ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిగా పని చేస్తున్నాను. పొద్దున్నే బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. బడిలో ఆడవాళ్లకు వేరుగా మరుగుదొడ్డి ఉన్నా ఎండాకాలంలో కుళాయికి నీళ్లు రావు. బకెట్టుతో మోసుకెళ్లాలి, తలుపు గడియ సరిగా పడదు. అందువల్ల నెలసరి రోజుల్లో ఉదయం పెట్టుకున్న ప్యాడ్‌ను మధ్యాహ్నం ఒక్కసారి మార్చుకోవడమే గగనమవుతోంది.

రెండో రోజు స్రావం ఎక్కువగా ఉంటుంది కాబట్టి రెక్కలున్న పొడవాటి ప్యాడ్లు వాడుతున్నాను. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ఉక్కలో అవి తొడల దగ్గర ఒరుసుకుపోయి, ఎర్రగా కంది, సాయంత్రానికి నడవడమే కష్టంగా ఉంటోంది. మా అమ్మ, మా అత్తగారు ఇద్దరూ నూలు గుడ్డలే వాడారు, ఒరుపు అనేదే తెలియదంటారు. అయితే ఇక్కడి వానాకాలంలో అవి ఆరవు. ఈమధ్య తోటి టీచర్ ఒకరు యోనిలో పెట్టుకుని స్రావాన్ని పట్టే సిలికాన్ కప్పు వాడి చూడమన్నారు. లోపల పెట్టుకునే వస్తువు అనగానే నాకు జంకుగా ఉంది. నాకు ఇద్దరు పిల్లలు, రెండూ సాధారణ కాన్పులే. రెండో కాన్పు తరువాత కాపర్-టి వేయించుకున్నాను, అది ఇప్పటికీ ఉంది.

మరో సంగతి. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఖుషీ పథకం కింద బడిలో ఉచితంగా ఇచ్చే ప్యాడ్లనే వాడుతోంది. దానికి అవి చాలునా, వేరే ఏదైనా అలవాటు చేయాలా? వాడిన వాటిని ఏం చేయాలన్నది కూడా నన్ను బాధిస్తున్న ప్రశ్నే. మా వీధిలో కొందరు పెరట్లో కాల్చేస్తారు, కొందరు కవర్లో చుట్టి మహేంద్రతనయ నది ఒడ్డున పడేస్తారు. నాకు రెండూ మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: రాయగడ ఏఎన్ఎం

టీచరుగారూ, మీరు చివర్లో మామూలుగా చెప్పిన కాపర్-టి సంగతితోనే నేను మొదలుపెడతాను, ఎందుకంటే మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కాపర్-టి ఉన్నవారిలో నెలసరి స్రావం, కడుపునొప్పి కొంత ఎక్కువ కావడం తరచుగా కనిపిస్తుంది, వేయించుకున్న మొదటి నెలల్లో మరీను. కనుక మీ రెండో రోజు బాధకు ప్యాడ్ ఒక్కటే కారణమని అనుకోకండి. కప్పు విషయంలో కూడా కాపర్-టి అడ్డం వస్తుంది. కప్పు యోని గోడలకు అతుక్కుని గాలి చొరకుండా నిలుస్తుంది. ఆ పట్టు వదిలించకుండా గబుక్కున లాగితే కాపర్-టి జారే అవకాశం ఉంది. అందుకని కప్పు కొనకముందే ఒకసారి డాక్టరమ్మకు చూపించుకుని, కాపర్-టి దారాలు ఎంత పొడవున్నాయో, కాపర్-టి తన చోటనే ఉందో లేదో చూడమని అడగండి. వాడవచ్చని వారంటేనే వాడండి.

మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం మొత్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు ఉంటుంది, 80 దాటితే అధిక స్రావం అంటారు. ఇంట్లో ఎవరూ కొలవలేరు కాబట్టి మేము కొన్ని గుర్తులు చెబుతాం. గంటకో, రెండు గంటలకో ప్యాడ్ నిండా తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, వారం దాటినా స్రావం ఆగకపోయినా ఏ వస్తువు వాడాలన్న ఆలోచన పక్కన పెట్టి వైద్యం చేయించుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 64 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం, కళ్లు తిరగడం మన ఆడవాళ్లకు సహజమేనని మనమే సరిపెట్టుకుంటున్నాం. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఒరుపు సంగతికి వస్తే, తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు చర్మం దెబ్బతింటుంది. ప్లాస్టిక్ వలలాంటి పైపొర ఉన్న ప్యాడ్లు పొడిగా అనిపించినా కొందరి చర్మానికి పడవు. నూలు పైపొర ఉన్నవి, సువాసన కలపనివి తీసుకోండి. ప్యాడ్ ఎంత పెద్దదైనా నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చవలసిందే. ఆ చోట పౌడరు చల్లకండి, డెట్టాల్ వంటివి వాడకండి, మామూలు నీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో అద్దితే సరిపోతుంది. పుండు పడినా, దురదతో తెల్లబట్ట అవుతున్నా చూపించుకోండి.

వాడిన ప్యాడ్లను కాల్చడం గురించి మీ మనసు చెప్పింది నిజం. వాటిలో గుజ్జు దూదితో పాటు ద్రవాన్ని జెల్‌గా మార్చే రసాయనం, అడుగున ప్లాస్టిక్ పొర ఉంటాయి. పెరటి మంటకు అవి పూర్తిగా కాలవు, పైగా వచ్చే పొగ ఒంటికి హాని చేస్తుంది. ఏట్లో వేయడం గురించి చెప్పనే అక్కరలేదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో వాడిన ప్యాడ్‌ను విడిగా చుట్టి ఇవ్వాలనీ, చుట్టేందుకు సంచిని తయారీదారులే ఇవ్వాలనీ ఉండేది. పాత వార్తాపత్రికలో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి. చెత్తను చేతులతో వేరు చేసే మనిషికి ఆ గుర్తు ఎంతో మేలు చేస్తుంది.

జవాబు 2: గుణుపురం గృహిణి

అమ్మా, గుడ్డ వాడడం నామోషీ అని నేటి పిల్లలు అనుకుంటున్నారు గాని, శుభ్రంగా వాడితే గుడ్డంత సుఖం వేరొకటి లేదు. ముందు చన్నీళ్లలో నానబెట్టాలి. వేణ్ణీళ్లు పోస్తే మరక గట్టిపడి వదలదు. తరువాత సబ్బుతో ఉతికి, నురుగు పోయేదాకా జాడించి, ఎండలో ఆరేయాలి. వానాకాలంలో పంకా గాలికి ఆరబెట్టి, చెమ్మ పూర్తిగా పోయేలా ఇస్త్రీ పెట్టె తిప్పితే చాలు. గుడ్డ చెడ్డది కాదు, దాన్ని చీకటి గదిలో చీరల కింద దాచి తడితడిగా మళ్లీ కట్టుకోవడమే చెడ్డది. మన ఒడిశాలో రజ పండుగకు భూదేవి బహిష్టు అయిందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడపిల్లలను ఉయ్యాలలెక్కించి పోడపిఠా పెడతారు. భూమికి అంత గౌరవం ఇచ్చిన ఊళ్లో పిల్ల గుడ్డ దండెం మీద కనపడితే తప్పయిపోతుందా? బడికి మాత్రం గుడ్డ వద్దమ్మా, తడిసినదాన్ని మోసుకుని తిరగడం కష్టం. ఇంటి దగ్గర ఉండే రోజులకు, రాత్రులకు వాడుకోండి. ఇప్పుడు గుండీలతో కుట్టిన గుడ్డ ప్యాడ్లు కూడా దొరుకుతున్నాయి, అవి జారవు.

జవాబు 3: బరంపురం ఉద్యోగిని

టీచరుగారూ, నేను కొన్నేళ్లుగా కప్పు వాడుతున్నాను, నా ఉద్యోగమూ ఊళ్లు తిరిగేదే. ఏఎన్ఎం గారు చెప్పిన కాపర్-టి జాగ్రత్త తీరాకనే నా మాటలు మీకు పనికొస్తాయని ముందే మనవి చేస్తున్నాను.

కప్పు మెత్తని వైద్య శ్రేణి సిలికాన్‌తో చేస్తారు. పరిమాణాన్ని బట్టి సుమారు 20 నుంచి 30 మిల్లీలీటర్లు పడుతుంది, 12 గంటలకు మించకుండా ఉంచుకోవచ్చు. స్రావం మామూలుగా ఉన్నవారు ఉదయం ఇంట్లో పెట్టుకుని సాయంత్రం ఇంట్లోనే తీయవచ్చు, కాబట్టి నీళ్లు లేని మరుగుదొడ్డితో పనే పడదు. నా దృష్టిలో మీవంటి వారికి దీని అసలు ఉపయోగం ఇదే. స్రావం ఎక్కువగా ఉన్న రోజు మాత్రం నడుమ ఒకసారి ఖాళీ చేయవలసి రావచ్చు. తాగునీటి సీసా ఒకటి వెంట ఉంటే చేతులు ముందే కడుక్కుని, మరుగుదొడ్డిలో ఖాళీ చేసి, కప్పును కాగితంతో తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు, ఇంటికి వచ్చాక బాగా కడగాలి.

పెట్టుకునేటప్పుడు గొంతుక్కూర్చుని లేదా ఒక కాలు పీట మీద పెట్టి, కప్పు అంచును వేలితో లోపలికి నొక్కి మడవండి. అప్పుడు కొన గులాబీ మొగ్గంత సన్నబడుతుంది. దాన్ని నిటారుగా పైకి కాకుండా నడుము వెనక వైపుకు వాలుగా పోనివ్వండి. వదలగానే అది లోపల విచ్చుకుంటుంది. వేలితో చుట్టూ తడిమి మడత మిగిలిపోలేదని చూసుకోండి, మడత ఉంటే కారుతుంది. తీసేటప్పుడు తోకను, అంటే కప్పు అడుగున ఉండే సన్నని కాడను, పట్టి లాగకూడదు. కొద్దిగా ముక్కి, అడుగు భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే గాలి చొరబడి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ దించాలి. కాపర్-టి ఉన్నవారు మరింత శ్రద్ధగా పాటించవలసిన మెట్టు ఇదే. తోక గుచ్చుకుంటే కొంచెం కత్తిరించుకోవచ్చు. మొదటి నెల ఏదో ఒక సెలవు రోజున, తొందర లేనప్పుడు, ఇంట్లోనే ప్రయత్నించండి, పైన పల్చని ప్యాడ్ కూడా పెట్టుకోండి. చాలామందికి రెండు మూడు నెలసరులకు గాని చేయి తిరగదు. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష కూడా కప్పుల్లో కారడం మిగతావాటితో సమానంగానో తక్కువగానో ఉందనీ, అలవాటైన వారిలో సుమారు 70 శాతం కొనసాగించడానికి ఇష్టపడ్డారనీ తెలిపింది.

కాన్పు అయిన వారికి సాధారణంగా పెద్ద కొలత సూచిస్తారు. ధర మొదట భారమనిపించినా కొన్నేళ్లు పనిచేస్తుంది. కేరళలోని అలప్పుళలో 2019లో ‘తింకళ్’ అనే కార్యక్రమం కింద 5,000 కప్పులు ఉచితంగా పంచారు. మన జిల్లాల్లో కూడా అటువంటి పని జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే నీళ్లు, చెత్తబండి లేని కొండ ఊళ్లకే దీని అవసరం ఎక్కువ. టాంపన్ల (యోనిలో పెట్టుకునే, స్రావాన్ని పీల్చే దూది చుట్టల) సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. వాటిని నాలుగు నుంచి ఎనిమిది గంటల్లోపు మార్చి తీరాలి. మరచిపోయి ఎక్కువసేపు ఉంచితే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. వేళకు మార్చుకునే వీలు లేదంటున్న మీకు నేను వాటిని సూచించను.

పర్లాకిమిడి టీచర్

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. స్రావం ఎక్కువ కావడానికి కాపర్-టి కూడా కారణం కావచ్చని నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఈ వారమే జిల్లా ఆసుపత్రికి వెళ్తాను. అంతవరకు బడికి నూలు పైపొర ఉన్న ప్యాడ్లు, ఇంట్లో గుడ్డ అని నిర్ణయించుకున్నాను. ఏఎన్ఎం అక్కా, ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. రేపు కప్పు వాడితే దాన్ని వంటింట్లో మరిగించడానికి మా అత్తగారు ఒప్పుకోరు, ఏం చేయాలి? మా అమ్మాయి సంగతి కూడా చెప్పండి.

జవాబు 4: రాయగడ ఏఎన్ఎం

కప్పును ప్రతి పూటా మరిగించనక్కర లేదు. ఆ నెలసరి రోజుల్లో మంచినీళ్లతో కడిగితే చాలు, నెలసరి ముగిశాక ఒకసారి, మళ్లీ మొదలయ్యే ముందు ఒకసారి ఐదు నిమిషాలు నీళ్లలో మునిగేలా మరిగించాలి. అందుకోసమే ఒక చిన్న స్టీలు గిన్నె విడిగా పెట్టుకుని, కరెంటు పొయ్యి మీదనో, పెరట్లో స్నానానికి నీళ్లు కాచే పొయ్యి మీదనో చేసుకోండి. అత్తగారి మాట నిలుస్తుంది, మీ పనీ అవుతుంది. ఆరాక గుడ్డ సంచిలో ఉంచండి, గాలాడని ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టి ఉంచవద్దు.

అమ్మాయికి ఇప్పుడు బడిలో ఇచ్చే ప్యాడ్లే చాలు. లోపల పెట్టుకునేవాటి వల్ల కన్యత్వం పోతుందన్న మాట నిజం కాదు, అయినా పదమూడేళ్ల పిల్లకు ఆ తొందర అవసరం లేదు. పెద్దయ్యాక తనకు తానుగా అడిగిన రోజున చూడవచ్చు. బడిలో సరిపోకపోతే జన ఔషధి కేంద్రాల్లో సువిధ ప్యాడ్లు 2019 నుంచి ఒక్కొక్కటి ఒక రూపాయికి ఇస్తున్నారు. ఆటల రోజున పీరియడ్ ప్యాంటీ అనే, తడి పీల్చే పొరలు కుట్టిన లోదుస్తు బాగుంటుంది, ఉతికి మళ్లీ వాడుకోవచ్చు. అమ్మాయి బడి సంచిలో ఒక ప్యాడ్, ఒక లోదుస్తు, చుట్టడానికి పాత కాగితం ఎప్పుడూ ఉండేలా చూడండి. నెలసరి తేదీలు ఒక పుస్తకంలో రాసుకోమనండి. ఆసుపత్రికి వెళ్లే రోజున అమ్మాయిని కూడా తీసుకెళ్లి ఇద్దరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.