బెల్ అండ్ సెబాస్టియన్ 'ఫ్యాన్స్ ఓన్లీ' డీవీడీ ఎవరి దగ్గరైనా ఉందా?

తుంగభద్రతీరం
అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా స్కాట్లాండ్‌కు చెందిన ఈ పాటల బృందాన్ని వింటున్నాను. లండన్‌లో ఉండే మా పిన్ని కొడుకు మొన్న సంక్రాంతికి వస్తూ వాళ్ల వీడియోల సంకలనంగా 2003లో వచ్చిన 'ఫ్యాన్స్ ఓన్లీ' డీవీడీ తెచ్చి ఇచ్చాడు. పాత రికార్డుల దుకాణంలో దొరికిందట. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. అయితే డిస్కు అడుగున గోటి మందాన ఒక గీత ఉంది. సరిగ్గా బృందంలోని ఇసోబెల్ క్యాంప్‌బెల్ చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) వాయించే చోట బొమ్మ చిన్న చిన్న గళ్లుగా విడిపోయి ఆగిపోతోంది. దీన్ని బాగు చేసుకునే దారి ఉందా? మీరంతా ఈ సంకలనాన్ని ఎలా చూస్తున్నారు?

పాతక్యాసెట్
కంగారు పడకండి. సీడీలో సమాచారం ముద్రించిన పొర పైన, పేరు అచ్చువేసిన వైపు ఉంటుంది. డీవీడీలో అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల రేకులు రెండు అతికించి, ఆ పొరను వాటి మధ్యలో దాస్తారు. కాబట్టి అడుగున పడిన గీత సాధారణంగా సమాచారాన్ని చెరపదు, లేజరు వెలుగుకు అడ్డం పడుతుందంతే. మెత్తని నూలు గుడ్డ తడిపి, నడిమి రంధ్రం నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా మాత్రం తిప్పకండి. అలా తుడిచేటప్పుడు కొత్త గీత పడితే అది సమాచారం వరుస వెంటే సాగుతుంది, అప్పుడు ప్లేయరు దాన్ని సరిదిద్దుకోలేదు.

చెలిమి
నాదొక సందేహం. ఆ పాటల వీడియోలు చాలావరకు యూట్యూబ్‌లోనే దొరుకుతున్నాయి కదా. గీతలు పడ్డ డిస్కు కోసం ఇంత అవస్థ ఎందుకండీ?

క్లైడ్‌ఒడ్డున
చెలిమి గారూ, విడి పాటలు దొరుకుతాయి, నిజమే. కానీ పాటకూ పాటకూ మధ్య వచ్చే కచేరీ ముక్కలు, తెరవెనుక దృశ్యాలు, కబుర్లు కలిస్తేనే ఇది ఆ బృందం ఇంటి ఆల్బమ్ అవుతుంది. తొలి రోజుల్లో వీళ్లు ఇంటర్వ్యూలకూ ఫొటోలకూ దూరంగా ఉండేవారు. అభిమానులకు పాటలు కంఠస్థమైనా ముఖాలు తెలియని కాలం అది. అలాంటి వాళ్లు కదులుతూ, నవ్వుకుంటూ, వాయిద్యాలు సరిచూసుకుంటూ కనిపించడం మాకు చిన్న విషయం కాదు.

నేను గ్లాస్గోలో చదువుకున్నాను. వీళ్ల మొదటి ఆల్బమ్ 'టైగర్‌మిల్క్' 1996లో అక్కడి స్టో కాలేజీ విద్యార్థుల రికార్డు సంస్థ ఎలక్ట్రిక్ హనీ ద్వారా వచ్చింది. వేసింది 1,000 ఎల్పీలే. 1999లో మళ్లీ విడుదలయ్యే దాకా ఆ ప్రతుల కోసం వందల పౌండ్లు పెట్టినవాళ్లున్నారు. బృందం ప్రధాన గాయకుడు స్టువర్ట్ మర్డాక్ ఏళ్ల తరబడి తీవ్రమైన నీరసపు జబ్బుతో మంచాన పడి, కోలుకుంటున్న కాలంలోనే పాటలు కట్టడం మొదలుపెట్టాడు. నగరం పడమటి వైపు ఒక చర్చి హాలుకు కాపలాదారుగా ఉంటూ దాని పైనే కాపురమున్నాడు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడే డిసెంబరులో, సన్నటి వానలో ఆ వీధుల వెంట నడిచాక ఆ గొంతు ఎందుకంత మెల్లగా ఉంటుందో నాకు అర్థమైంది.

పాతక్యాసెట్
ఇంకొకటి. ఇది బృందం జీప్‌స్టర్ అనే రికార్డు సంస్థతో ఉన్న రోజుల సంకలనం. బేస్ గిటార్ వాయించే స్టువర్ట్ డేవిడ్ 2000లో, ఇసోబెల్ 2002లో బృందాన్ని వదిలారు. 2003లోనే మిగిలినవాళ్లు రఫ్ ట్రేడ్ అనే మరో రికార్డు సంస్థకు మారి, నిర్మాత ట్రెవర్ హార్న్‌తో కొత్త ఆల్బమ్ చేశారు. ఒక అధ్యాయం ముగిసిన చోట ఈ డిస్కు కూడా ఆగుతుంది. ఆ తర్వాతి పాటలు ఇంకా తళుకుగా ఉంటాయి, బాగుంటాయి కూడా. నా మనసు మాత్రం ఈ గరుకు బొమ్మల దగ్గరే ఉండిపోయింది. బృందం గిటారిస్టు స్టీవీ జాక్సన్ పాడిన 'జొనాథన్ డేవిడ్' ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

చెలిమి
క్లైడ్‌ఒడ్డున గారూ, ఇప్పుడు తెలిసింది. నేను ఒక్కో పాటనూ విడిగా విన్నానే తప్ప ఈ మనుషుల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. నా ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు, ఏం చేయాలి?

పాతక్యాసెట్
యూఎస్‌బీతో తగిలించే డ్రైవు కొనుక్కోండి, ఖరీదు పెద్దగా ఉండదు. తుంగభద్రతీరం గారూ, మీరు కూడా తుడిచాక ఒకసారి కంప్యూటర్‌లో పెట్టి చూడండి. ప్లేయరు చదవలేని చోటును కంప్యూటర్ డ్రైవు ఒక్కోసారి చదువుతుంది.

తుంగభద్రతీరం
చెప్పినట్టే చేశాను. అమ్మ పాత వాయిల్ చీర ముక్కతో, నడిమి నుంచి అంచుకు, ఓపికగా ఇరవై సార్లు తుడిచాను. ప్లేయరులో ఇంకా తడబడుతోంది, కానీ అన్నయ్య కంప్యూటర్‌లో నిన్న రాత్రి ఆగకుండా వచ్చింది. ఇసోబెల్ తల వంచి చెల్లో మీద కమాను లాగుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని చూసింది. అయిపోగానే మళ్లీ పెట్టమంది.